సుడోక్రెమ్: రాశాక తెల్లగా కనిపిస్తే ఎక్కువైనట్టే

లండన్ నుంచో డబ్లిన్ నుంచో వచ్చే మనవాళ్ళ సూట్‌కేసులో చాక్లెట్ల మధ్య సుడోక్రెమ్ అనే చర్మ క్రీము ఉన్న బూడిద రంగు ప్లాస్టిక్ డబ్బా ఒకటి తరచు కనిపిస్తుంది. పసిబిడ్డ ఉన్న ఇంటికో, మంచాన పడ్డ పెద్దాయన ఉన్న ఇంటికో చేరుతుంది. "డైపర్ కింద రాయండి, బ్రహ్మాండంగా పనిచేస్తుంది" అన్న ఒక్క మాటతో చేతికిస్తారు. ఎంత రాయాలో, ఎక్కడ రాయకూడదో చెప్పేవాళ్ళు తక్కువ. దాంతో పండక్కి గోడలకు సున్నం కొట్టినట్టు దట్టంగా పూసేస్తారు. రెండు రోజుల్లో ఎరుపు తగ్గకపోతే మీద ఇంకో పూత. సుడోక్రెమ్ మంచి క్రీమే. దాని మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ సున్నం పద్ధతి.

ముందు డబ్బాలో ఏముందో చూద్దాం. 1931లో డబ్లిన్‌లో థామస్ స్మిత్ అనే ఫార్మసీ ప్రొఫెసర్ దీన్ని తయారు చేశాడు. మొదట్లో స్మిత్స్ క్రీమ్ అనేవారు. తర్వాత పెట్టిన 'సూదింగ్ క్రీమ్' (ఊరటనిచ్చే క్రీము) అన్న పేరు డబ్లిన్ జనం నోట్లో నలిగి సుడోక్రెమ్ అయిందని చెబుతారు. ఇప్పుడు టెవా అనే మందుల కంపెనీ చేతిలో ఉంది. 100 గ్రాముల క్రీములో జింక్ ఆక్సైడ్ 15.25 గ్రాములు, లానొలిన్ 4, బెంజైల్ బెంజోయేట్ 1.01, బెంజైల్ ఆల్కహాల్ 0.39, బెంజైల్ సిన్నమేట్ 0.15. మిగతాదాంట్లో ఎక్కువ భాగం నీళ్ళు, పారాఫిన్ నూనె, మైనాలు, పైన కాస్త లావెండర్ వాసన. ఈ లెక్క బూడిద రంగు డబ్బాది. 'కేర్ అండ్ ప్రొటెక్ట్' అని అదే పేరుతో ట్యూబులో వచ్చేది వేరే సరుకు, దీనికి చెప్పినవన్నీ దానికి అన్వయించుకోవద్దు.

జింక్ ఆక్సైడ్ నీళ్ళలో కరగదు. సన్నటి తెల్ల పొడిగా చర్మం మీద పరుచుకుని తడిని కొంత పీలుస్తుంది, కొంత అడ్డుకుంటుంది. లానొలిన్ అంటే గొర్రె ఉన్ని నుంచి తీసే కొవ్వు. అదీ పారాఫినూ కలిసి జిడ్డు పొరగా నిలబడి మూత్రాన్ని చర్మం దాకా రానివ్వవు. బెంజైల్ ఆల్కహాల్ మంటను కాస్త మొద్దుబారుస్తుంది, క్రిముల్ని కొద్దిగా అదుపు చేస్తుంది. యాంటీసెప్టిక్ అని చెప్పుకునే మూడు బెంజైల్ పదార్థాలూ కలిపితే రెండు శాతం కూడా కావు. అంటే ఇది ముందు గొడుగు, ఆ తర్వాతే మందు. ఇంకో సంగతి: బెంజైల్ బెంజోయేట్ పేరు మనకు గజ్జి లోషన్ వల్ల తెలుసు. అందులో అది 25 శాతం, ఇందులో ఒక శాతం. కాబట్టి ఈ క్రీముతో గజ్జి పోదు.

గొడుగు ఎందుకు కావాలో తెలిస్తే ఎలా పట్టాలో కూడా తెలుస్తుంది. డైపర్ కింద చర్మం ఎర్రబడటానికి మొదటి కారణం క్రిములు కాదు, తడి. నానిన చర్మం ఉబ్బి మెత్తబడుతుంది, చిన్న రాపిడికే ఒరుసుకుపోతుంది. మామూలుగా చర్మం కొద్దిగా పులుపు స్వభావంతో ఉంటుంది. మూత్రంలోని యూరియాను బాక్టీరియా విడగొట్టి అమ్మోనియా చేస్తే ఆ పులుపు విరిగిపోతుంది. అప్పుడు మలంలో ఉన్న జీర్ణ ఎంజైములు చురుకెక్కి చర్మాన్నే అరిగించడం మొదలుపెడతాయి. విరేచనాలు పట్టిన పిల్లలకు ఒక్క పూటలో పిరుదులు మంటెత్తేది ఇందుకే. మామూలు సబ్బు క్షారం గనక గంటగంటకూ సబ్బు పెట్టి కడిగితే పరిస్థితి ఇంకా చెడుతుంది. డెట్టాల్ కలిపిన నీళ్ళతో కడగడమైతే మరీ తప్పు, ఒరిసిన చర్మం మీద అది నిప్పులా మండుతుంది.

ఇక రాసే పద్ధతి. చేతులు కడుక్కుని, గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన దూదితోనో మెత్తటి పాత నూలుగుడ్డతోనో శుభ్రం చేయండి. ఆడపిల్లలకు ముందు నుంచి వెనక్కే తుడవాలి. కడిగాక తువ్వాలుతో రుద్దొద్దు, అద్దండి. గజ్జలు, తొడ మడతలు, పిరుదుల మధ్య సందు విడివిడిగా విప్పి అద్దాలి, తడి దాక్కునేది అక్కడే. వీలైతే పది నిమిషాలు డైపర్ లేకుండా గాలికి వదిలేయండి. వేలి వెనక వైపుతో తాకి చూస్తే చర్మం అంటుకోకుండా జారాలి. అంటుకుంటే ఇంకా తడి ఉన్నట్టు. తడి మీద క్రీము రాస్తే నీళ్ళు లోపలే బందీ అవుతాయి, గొడుగు కింద మనం ఉండాల్సింది పోయి వాన ఉన్నట్టన్నమాట.

ఎంత రాయాలి? పసిబిడ్డకు ఒకసారికి శనగగింజంత, సుమారు అర గ్రాము. దాన్ని చూపుడువేలి కొస మీదకు తీసుకుని నాలుగైదు చోట్ల చుక్కలుగా పెట్టండి. తర్వాత చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు నెమ్మదిగా పరచండి. మొదట తెల్లగా సాగుతుంది, రెండు మూడు చుట్లకు ఆ తెలుపు విరిగి అద్దం మీద ఊదిన ఆవిరిలా పల్చబడుతుంది. అక్కడ ఆపాలి. కింద చర్మం రంగు కనిపించాలి, మీద వేలు పెడితే పట్టులా జారాలి. తెల్ల చారలు మిగిలితే క్రీము ఎక్కువైందని అర్థం, తయారీదారు చెప్పేదీ ఇదే. ఈ లెక్కన రోజుకు ఆరుసార్లు రాసినా మూడు గ్రాములే. 60 గ్రాముల డబ్బా 20 రోజులు, 125 గ్రాములది దాదాపు ఆరు వారాలు రావాలి. చిన్న డబ్బా వారానికే ఖాళీ అయిందంటే ఆ ఇంట్లో సున్నం పడుతోందన్నమాట.

దట్టంగా పూస్తే మరింత కాపాడుతుందనుకోవడం సహజమే. కానీ ఎక్కువైన జిడ్డు డైపర్ పైపొరకు అంటుకుని మూత్రం లోపలికి ఇంకే దారిని మూసేస్తుంది. పీల్చాల్సింది పీల్చక తడి చర్మం మీదే నిలుస్తుంది. బ్రాండు మార్చినా డైపర్ 'లీక్' అవుతోందని విసుక్కునేవాళ్ళు ముందు క్రీము సగానికి తగ్గించి చూడాలి. ఉతికి వాడే గుడ్డ లంగోటీలకూ ఇదే బాధ. కొన్ని ఉతుకులకు బట్ట నీళ్ళను తోసేయడం మొదలెడుతుంది. వేడినీళ్ళలో, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి నానబెడితే మళ్ళీ దారికొస్తుంది.

ఇంకో పొరపాటు, డైపర్ మార్చిన ప్రతిసారీ పాత క్రీమంతా గీకి తీయడం. అవసరం లేదు. మలం అంటిన పైపొర మాత్రం తుడిచి, శుభ్రంగా ఉన్న పొరను అలాగే ఉంచి, పోయిన చోటే కొత్తది అద్దండి. పూర్తిగా తీయాల్సి వస్తే దూదికి కాస్త కొబ్బరినూనె రాసి తుడిస్తే నొప్పి లేకుండా వస్తుంది, నీళ్ళతో రుద్దితే రాదు. క్రీము మీద టాల్కం పౌడర్ చల్లే అలవాటు మన ఇళ్ళలో బాగా ఉంది. జిడ్డూ పొడీ కలిసి ముద్దలు కట్టి మడతల్లో ఇసుకలా ఒరుస్తాయి, పైగా ఆ పొడి పసివాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండింటిలో పౌడరే మానేయాలి.

దీని చేత కాని పనులు ఏమిటో గుర్తుపట్టడం ఇంకా ముఖ్యం. తొడ మడతను వేళ్ళతో విప్పి చూడండి. పిరుదుల మీద, తొడల పైన ఉబ్బెత్తు భాగాలు ఎర్రగా ఉండి, మడత లోపల చర్మం మామూలుగా ఉంటే అది తడి వల్ల వచ్చిన ఒరుపు. సుడోక్రెమ్ పని అక్కడ. అలా కాకుండా మడత లోపలే పచ్చి మాంసంలా ఎర్రబారి, ఆ ఎరుపు అంచు దాటి చుట్టూ ఆవగింజల్లాంటి చిన్న చిన్న మచ్చలు విడివిడిగా కనిపిస్తే కాండిడా అనే ఫంగస్ పట్టి ఉండొచ్చు. యాంటీబయాటిక్ వాడిన వారం పదిరోజుల్లో ఇది తరచు వస్తుంది. దానికి క్లోట్రిమజోల్ లాంటి ఫంగస్ మందు కావాలి, డాక్టరు చూసి చెప్పాలి. ఆ మందు రాస్తున్న రోజుల్లో ముందు మందు, అది ఇంకాక దాని మీద గొడుగు క్రీము. వరస తిరగబడితే మందు చర్మాన్ని చేరదు.

తేనె రంగు పెచ్చులు కట్టినా, చీము వచ్చినా, నీటిపొక్కులు లేచినా, జ్వరం తగిలినా క్రీము పక్కన పెట్టి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. ఏ లక్షణమూ లేకపోయినా సరిగ్గా రాసిన మూడు రోజులకు తగ్గుముఖం పట్టలేదంటే అదే మాట. కుక్క కరిచిన చోట ఈ యాంటీసెప్టిక్ క్రీములేవీ పూయకండి. సబ్బూ ధారగా పారే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి టీకాకు పరుగెత్తాలి. లోతైన గాయాలకు, మేకు దిగిన చోట కూడా వద్దు. కాలిన చోటైతే ముందు 20 నిమిషాలు చల్లటి కుళాయి నీళ్ళు. వేడి దిగకుండా జిడ్డు పూస్తే వేడిని లోపల మూతపెట్టినట్టే.

ఎరుపు తగ్గట్లేదని వీధి చివర మందుల షాపులో అడిగి తెచ్చే ట్యూబుల గురించి ఇక్కడే చెప్పుకోవాలి. ఫంగస్ మందు, యాంటీబయాటిక్, క్లోబెటసాల్ లేదా బీటామెథసోన్ అనే స్టెరాయిడ్ మూడూ కలిపిన క్రీములు మన దగ్గర విపరీతంగా చలామణీలో ఉన్నాయి. రాసిన మర్నాటికే ఎరుపు పోతుంది కాబట్టి నమ్మకం కుదురుతుంది. డైపర్ అనేది గాలాడని మూత. దాని కింద స్టెరాయిడ్ మామూలు కంటే ఎన్నో రెట్లు ఒంట్లోకి ఇంకుతుంది, పసి చర్మం పల్చబడుతుంది, ఫంగస్ లోలోపల పాకుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూత మందులను చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్ నిబంధన బిగించింది. ట్యూబు మీద సన్న అక్షరాల్లో ఈ పేర్లు ఉన్నాయేమో చూడకుండా పిల్లలకు రాయొద్దు. సుడోక్రెమ్‌లో స్టెరాయిడ్ లేదు. నెమ్మదిగా పనిచేస్తుందన్న నిందకు కారణం అదే, దాని సుగుణమూ అదే.

పెద్దవాళ్ళ సంగతికి వస్తే, అడల్ట్ డైపర్ వాడేవాళ్ళకు, మూత్రం అదుపు తప్పినవాళ్ళకు ఇది పిల్లలకు పనిచేసినట్టే పనిచేస్తుంది. కాకపోతే డబ్బా మీద 'బెడ్‌సోర్స్' అన్న మాట చూసి పొరబడేవాళ్ళు ఎక్కువ. మంచం పుండు తడి వల్ల మాత్రమే రాదు, ఒకే చోట బరువు పడటం వల్ల నెత్తురు ఆడక వస్తుంది. నడుం కింద త్రికం ఎముక దగ్గర, మడమల దగ్గర, తుంటి దగ్గర ఎర్రబడితే వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే నెత్తురు ఇంకా ఆడుతోంది. నొక్కినా రంగు మారకపోతే లోపల దెబ్బ మొదలైంది. మన చామనచాయ ఒంటి మీద ఎరుపు అంత తేలిగ్గా కనపడదు. చుట్టుపక్కల కంటే నల్లగానో ఊదాగానో మారడం, చేతికి వెచ్చగా గట్టిగా తగలడం చూసుకోవాలి. అక్కడ ఏ క్రీముతోనూ మర్దనా చేయకూడదు, నలిగిన కణజాలాన్ని ఇంకా నలిపినట్టవుతుంది. మామూలుగా రెండు గంటలకోసారి పక్క మార్చడం, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టడం, నర్సును పిలిచి చూపించడం, ఇవే చికిత్స. క్రీము పాత్ర చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని తడి నుంచి కాపాడటం వరకే.

పొట్ట మీద చేసిన రంధ్రానికి మలమూత్రాల సంచి (స్టోమా బ్యాగు) అంటించే చోట, మూత్రం గొట్టానికి (కాథెటర్) ప్లాస్టరు వేసే చోట రాయకండి, జిడ్డుకు ఏదీ అంటుకోదు. షుగర్ ఉన్నవాళ్ళ కాలివేళ్ళ సందుల్లోనూ వద్దు, అక్కడ చెమ్మ నిలిస్తే పుండుకు దారి. రేడియేషన్ తీసుకుంటున్న భాగం మీదైతే ఆ విభాగం వాళ్ళను అడక్కుండా ఏమీ పూయకూడదు.

ఒక ప్రమాదం గురించి మన ఇళ్ళలో అసలు ఆలోచించరు. పారాఫిన్, మైనాలు ఉన్న క్రీములు రోజుల తరబడి పంచెలకూ దుప్పట్లకూ అంటుకుని ఇంకిపోతే, ఆ బట్టకు నిప్పు తగిలినప్పుడు మామూలు బట్ట కంటే చాలా వేగంగా అంటుకుంటుంది. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2018లో చర్మానికి రాసే జిడ్డు పూతలన్నింటికీ ఈ హెచ్చరిక వర్తిస్తుందని ప్రకటించింది. ఉతికితే కొంత పోతుంది తప్ప పూర్తిగా పోదు. క్రీము తనంతట తాను మండదు, బట్టలో ఇంకినప్పుడే చిక్కు. మంచంలో బీడీ కాల్చే తాతయ్యలు, మంచం పక్కనే దోమల చుట్ట, తలదిక్కున దేవుడి దీపం, ఇవన్నీ దూరం జరపాలి. దుప్పట్లు తరచు మార్చాలి.

మొదటిసారి వాడేముందు ముంజేతి లోపలి వైపు పావలా కాసంత మేర పల్చగా రాసి ఒక రోజు, వీలైతే రెండు రోజులు చూడండి. లానొలిన్ పడనివాళ్ళు ఉన్నారు, బెంజైల్ పదార్థాలూ లావెండర్ పరిమళమూ పడనివాళ్ళూ ఉన్నారు. దురద, దద్దుర్లు వస్తే ఇది మీకు కాదు. సుడోక్రెమ్‌కు మార్కులు తగ్గించాల్సింది ఇక్కడే. పసిపిల్లల చర్మానికి వాసన ఎందుకు? అది తీసేసినా క్రీము ఇంతే బాగా పనిచేస్తుంది. కళ్ళల్లో, నోట్లో పోకుండా చూడాలి. పాకే పిల్లలు డబ్బాలో వేలు పెట్టి నాకితే వాంతులు, విరేచనాలు రావచ్చు. బలవంతంగా వాంతి చేయించకుండా డాక్టరుకు ఫోన్ చేయండి.

మొటిమలకు ముఖాన పూసే వాడుక ఒకటి ఉంది. ఒక్క మొటిమ మీద చుక్క పెట్టడం వేరు, జిడ్డు ముఖమంతా పూసుకుని పడుకోవడం వేరు. రెండో పనితో రంధ్రాలు మూసుకుంటాయి. జింక్ ఉంది కదా అని సన్‌స్క్రీన్‌గా వాడటానికి లేదు, ఎండను ఎంత ఆపుతుందో కొలిచే ఎస్‌పీఎఫ్ పరీక్ష దీనికి లేదు. తెల్లటి క్రీము కాబట్టి రంగు తేలుతుందనుకునేవాళ్ళకు చెప్పేదేమీ లేదు, తేలదు.

పోలిక చెప్పాలంటే, 1929లో కలకత్తాలో పుట్టిన బోరోలిన్‌లో జింక్ ఆక్సైడ్ 3 శాతమే, దాంతోపాటు బోరిక్ ఆసిడ్ 1 శాతం ఉంటుంది. పగిలిన పెదాలకు, మడమలకు పెద్దవాళ్ళు వాడుకోవచ్చు. పసిబిడ్డ ఒరిసిన పిరుదుల మీద మాత్రం వద్దు, బోరిక్ ఆసిడ్ దెబ్బతిన్న చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. అమెరికాలోని మనవాళ్ళు వాడే డెసిటిన్ మాక్సిమమ్ స్ట్రెంత్‌లో జింక్ 40 శాతం. పిండిముద్దలా గట్టిగా ఉంటుంది, రాయడం కష్టం, కానీ విరేచనాల రోజుల్లో సుడోక్రెమ్ కంటే బాగా నిలుస్తుంది. ఒరుపు ఏమీ లేని మామూలు రోజుల్లో ఈ రెండూ అక్కర్లేదు. వాసన లేని పెట్రోలియం జెల్లీ పల్చగా రాస్తే చాలు, ఖర్చూ తక్కువ. కొబ్బరినూనె చర్మాన్ని మెత్తగా ఉంచుతుంది గానీ, రాత్రంతా మూత్రాన్ని ఆపేంత పొర కట్టదు.

డబ్బా డిజైన్ అంత మెచ్చుకోదగ్గది కాదు. నోరు వెడల్పు, అందరి వేళ్ళూ మునుగుతాయి. ఇద్దరికి వాడాల్సి వస్తే చెరొక డబ్బా పెట్టండి, లేదా శుభ్రమైన చిన్న చెంచాతో తీసి వాడండి. మలం తుడిచిన చేతిని కడక్కుండా రెండోసారి డబ్బాలో ముంచడం అన్ని ఇళ్ళలోనూ జరిగేదే, ఒకేసారి సరిపడా తీసి పక్కన పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. 25 డిగ్రీల లోపు ఉంచమంటారు. విజయవాడ మే నెలలో, రామగుండం ఎండల్లో అది గదిలో కుదిరే పని కాదు. ఫ్రిజ్ తలుపు అరలో పెట్టి, రాసే పది నిమిషాల ముందు బయటకు తీస్తే సరిపోతుంది, చల్లగా ఉన్నప్పుడు గట్టిపడి పల్చగా సాగదు. కారులో వదిలేస్తే ఎండకు నూనె పైకి తేలి, జింక్ సుద్దలా అడుగున చేరుతుంది. అలా విరిగినదాన్ని చెంచాతో కలిపి వాడదామని చూడకండి, కలిసినట్టే కనిపిస్తుంది గానీ ఒకచోట జిడ్డూ ఒకచోట పొడీ పడుతుంది. పారేయండి. పిల్లాడు డబ్బా తెరిచి సోఫాకు పూసేస్తే నీళ్ళు పోయకండి. ముందు చెంచా అంచుతో గీకి, పొడి గుడ్డతో అద్ది, ఆ తర్వాత గిన్నెల లిక్విడ్ వేయండి.